పదును, చేవ, పరీక్ష

ఒక వస్తువు మంచిదో కాదో పరీక్షించి తెలుసుకోవాలంటే ఎవరూ కాదనరు. శాస్త్రీయదృష్టి అంటే అదేనని మనం పాఠాలు కూడా చెబుతాం. కాని పరీక్షలన్నీ ఒక జాతివి కావు. కొన్ని పరీక్షలు వస్తువును ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలిపెట్టి దాని గుణం మాత్రం చెబుతాయి. గీటురాయిమీద బంగారం గీసినప్పుడు పోయేది లెక్కలోకి రానంత. మరికొన్ని పరీక్షలు వస్తువునే తినేస్తాయి. అగ్గిపుల్ల వెలుగుతుందో లేదో తెలియాలంటే గీసి చూడటం తప్ప మార్గం లేదు. వెలుగుతుందని తెలిశాక ఆ పుల్ల మనకు మిగలదు. ఈ రెండో జాతి పరీక్షలో ఒక నైతిక సమస్య ఇమిడి ఉంది. దాన్ని గాలిలో చర్చించేకంటే ఒక వస్తువును ఎదురుగా పెట్టుకుని చర్చించటం మేలు. నేను ఎన్నుకున్న వస్తువు చేత్తో చేసిన స్టెయిన్‌లెస్ ఉక్కు కత్తి.

"చేత్తో చేసిన" అనే మాటకు అర్థం ముందే తేల్చుకుందాం. ఈనాడు అమెరికాలోనూ యూరపులోనూ ఇలాంటి కత్తులు చేసేవాళ్లు ఖనిజం కరిగించరు. మిల్లులో తయారైన ఉక్కు రేకు కొంటారు. దాన్ని ఆకారానికి కోసి, అరగదీసి, సుమారు 1050 నుంచి 1080 డిగ్రీల సెంటిగ్రేడు దాకా కాచి, రెండు అల్యూమినియం దిమ్మల మధ్య నొక్కి చల్లారుస్తారు. కొందరు ఆపైన గడ్డకట్టే చలికన్న ఎంతో దిగువకు తీసుకుపోతారు. చివరకు 175, 200 డిగ్రీల దగ్గర మళ్లీ ఒకటి రెండు గంటలు వేడిలో ఉంచుతారు. ఉక్కు కొన్నదే అయినా, దాని గుణం ఈ కాచటంలోనూ చల్లార్చటంలోనూ తేలుతుంది. ఇరవై డిగ్రీలు తేడా వస్తే కత్తి వేరే కత్తి అవుతుంది.

ఆ కత్తి దగ్గర మనం కోరే గుణాలు రెండు. మొదటిది, పదును నిలవాలి. రెండవది, అలుగు విరక్కూడదు, వాదర పెచ్చులూడకూడదు. ఈ రెండో గుణాన్ని పాఠ్యపుస్తకాలు "దృఢత్వం" అంటాయి. నాకు మాత్రం మన వడ్రంగుల మాట "చేవ" అంతకన్న నచ్చుతుంది. చేవ ఉన్న కలప అంటే గట్టి కలప అని మాత్రమే కాదు, దెబ్బను లోపలికి ఇముడ్చుకుని చీలిపోకుండా నిలిచేది అని. గట్టితనం వేరు, చేవ వేరు. గాజు గట్టిదే, కాని దానికి చేవ లేదు. "పదును" అనే మాట సంగతి ఇంకా తమాషా. రైతుకు పదును అంటే నాగలి దిగటానికి తగినంత తడి. కమ్మరికి పదును అంటే వాదర. ఈ రెండూ ఒకే మాట ఎలా అయిందో భాషాశాస్త్రవేత్తలు చెప్పాలి గాని, రెంటిలోనూ "తగినంత" అనే భావం మాత్రం నాకు కనిపిస్తుంది.

ఈ రెండు గుణాలూ కలిసిమెలిసి పెరిగితే చిక్కే లేకపోయేది. అవి తరచు ఒకదాన్నొకటి తింటాయి. స్టెయిన్‌లెస్ ఉక్కులో కర్బనం క్రోమియంతో కలిసి సన్నని గట్టి రేణువులుగా ఏర్పడుతుంది. వెనేడియం ఉన్న ఉక్కులో అయితే ఇంకా గట్టి రేణువులు వస్తాయి. రాపిడికి తట్టుకుని పదును నిలిపేవి ఈ రేణువులే. చీలిక మొదలయ్యేదీ వీటి దగ్గరే. రేణువులు పెద్దవీ ఎక్కువా అయినకొద్దీ పదును నిలుస్తుంది, చేవ తగ్గుతుంది. స్వీడన్‌లో గడ్డం గీసుకునే బ్లేడ్ల కోసం పుట్టిన ఎ.ఇ.బి.-ఎల్. అనే ఉక్కులో కర్బనం సుమారు 0.67 శాతం, క్రోమియం 13 శాతం. రేణువులు అతి సన్నం. దెబ్బకు బాగా ఆగుతుంది. అమెరికాలో పొడి లోహంతో చేసే ఎస్. 90 వి. లో కర్బనం 2.3 శాతం, వెనేడియం 9 శాతం. తాడు మీద తాడు కోస్తూ పోయినా పదును చావదు, కాని ఎముకమీద పడితే పెచ్చు లేస్తుంది. ఈ రెంటిలో ఏది మంచి ఉక్కు అని అడగటం అర్థం లేని ప్రశ్న. ఏ పనికి, ఎవరి చేతిలో అన్నది చెప్పకుండా "మంచి" అనే మాట వాడేవాడు పరీక్ష మొదలు కాకముందే తీర్పు రాసేశాడన్నమాట.

చరిత్రలో దీనికి మంచి నిదర్శనం ఉంది. 1913 ఆగస్టులో షెఫీల్డ్‌లో హారీ బ్రేర్లీ అనే ఆయన 12.8 శాతం క్రోమియం, 0.24 శాతం కర్బనం ఉన్న ఉక్కును పోతపోయించాడు. ఉక్కు కరిగించే కార్మికుడి కొడుకు ఆయన. చిన్నతనంలోనే ఉక్కు కార్ఖానాలో పనికి చేరి, తరవాత పరిశోధనశాలకు అధిపతి అయినవాడు. తుపాకీ గొట్టాలు అరిగిపోకుండా చూడమని ఆయనకు అప్పగించిన పని. దొరికింది తుప్పుపట్టని ఉక్కు. ఆ ఊరు కత్తులకు పేరుపడ్డ ఊరు కనక ఆయనకు కత్తులు తోచాయి. కత్తులవాళ్లు చేసి చూసి, ఇది సాగదు, సానకు లొంగదు, తెగదు పొమ్మన్నారు. తెగని కత్తులు కనిపెట్టినవాడని ఆయన్ను ఎగతాళి చేశారు. ఎర్నెస్ట్ స్టువర్ట్ అనే కత్తుల కార్ఖానా మేనేజరు ఒకడు ఆ ఉక్కును వినిగర్‌లో ముంచి చూసి, మరకపడటం లేదని గమనించి, "స్టెయిన్‌లెస్" అనే పేరు పెట్టాడు. రెండుమూడు ప్రయత్నాల తరవాత, ఎంత వేడిలో కాచాలో తెలిశాక, కత్తి కత్తి అయింది. పులుపు పరీక్షలో నెగ్గిన లోహం కోత పరీక్షలో ఓడింది. మొదట ఓడింది కూడా లోహం కాదు. పాత ఉక్కుకు అలవాటుపడ్డ చేతుల అలవాటు.

ఇదే కథ అంతకు నూరేళ్ల ముందు మన ఉక్కుతో జరిగింది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలోనూ దక్షిణదేశంలో మరికొన్ని చోట్లా మూసలో వండే ఉక్కును యూరపువాళ్లు "వూట్జ్" అన్నారు. కర్బనం ఎక్కువ ఉన్న ఉక్కు అది. తమ ఇనుమును కాచినట్టే దాన్నీ తెల్లగా కాచి సమ్మెటతో కొట్టిన యూరపు కమ్మరుల చేతిలో పొడిపొడి అయిపోయింది. తక్కువ వేడిలో ఓపిగ్గా సాగదీసినవాళ్లకు అదే ఉక్కు అద్భుతమైన వాదర ఇచ్చింది. ఇక్కడ పరీక్షకు నిలబడింది ఉక్కా, కమ్మరా? లండన్‌లో ఆ ఉక్కును మెచ్చుకున్న కత్తులవాడు జేమ్స్ స్టొడార్ట్. వూట్జ్ రహస్యం తెలుసుకోవాలని మైకేల్ ఫారడేతో కలిసి 1820 ప్రాంతాల ఆయన చేసిన మిశ్రమాల్లో క్రోమియం ఉక్కు కూడా ఉంది. 1821లో ఫ్రాన్స్‌లో పియర్ బెర్తియే, క్రోమియం కలిసిన ఇనుము ఆమ్లాలకు లొంగదని గమనించి, కత్తులకు పనికిరావచ్చునని సూచించాడు. షెఫీల్డ్ ఉక్కుకు అంత పూర్వచరిత్ర ఉంది. బ్రేర్లీని ఒంటరి మేధావిగా చిత్రించే జీవితచరిత్రకారులు దీన్ని మరిచిపోతుంటారు.

పదును నిలకడను ఎలా కొలుస్తారు? ఇది మొదటి జాతి పరీక్షకు దగ్గరగా ఉంటుంది. షెఫీల్డ్‌లోనే 1952లో ఏర్పడ్డ కత్తుల పరిశోధనా సంఘం, కాట్రా, ఇందుకొక యంత్రం తయారుచేసింది. కత్తిని వాదర పైకి ఉండేట్టు బిగిస్తారు. 5 శాతం ఇసుకపొడి కలిపి చేసిన అట్టల కట్టను 50 న్యూటన్ల బలంతో, అంటే సుమారు 5 కిలోల బరువుతో, దానిమీద నొక్కుతారు. కత్తి ముందుకూ వెనక్కూ 60 సార్లు కదులుతుంది. మొత్తం ఎన్ని మిల్లీమీటర్ల అట్ట తెగిందో అదే లెక్క. ఈ పద్ధతి అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది. ఇందులో చెయ్యి లేదు, చెయ్యి అలిసిపోవటం లేదు, కోసేవాడి అభిమానం లేదు. ఇంట్లో తాడూ అట్టపెట్టే కోసి లెక్కపెట్టుకునే పరీక్షకన్న ఇది ఎన్నో రెట్లు నమ్మదగింది.

అయితే యంత్రం అడిగిన ప్రశ్నకే యంత్రం జవాబు చెబుతుంది. ఇసుక వాదరను అరగదీస్తుంది. వంటింట్లో కత్తి పదును పోవటానికి అరుగుదల ఒక్కటే కారణం కాదు. చెక్కమీద కొట్టి కొట్టి వాదర పక్కకు వాలుతుంది. ముల్లుమీద పడి పెచ్చు లేస్తుంది. పైగా వాదర కోణం తగ్గిస్తే అదే ఉక్కు చాలా ఎక్కువసేపు కోస్తుంది. ఉక్కు పేరు చూసి డబ్బిచ్చేవాళ్లు సానపట్టే చేతిని మరిచిపోవటం వస్తువులను వాటి పేర్లతో పూజించే మన పాత జబ్బుకు కొత్త రూపం.

అసలు చిక్కు చేవ దగ్గర మొదలవుతుంది. గట్టితనాన్ని వస్తువు చెడకుండా కొలవవచ్చు. వజ్రపు మొనను 150 కిలోల బరువుతో నొక్కి ఎంత లోతు దిగిందో చూస్తే రాక్‌వెల్ అంకె వస్తుంది. మిగిలేది చిన్న చుక్క. మంచి కత్తులు 60 ప్రాంతంలో ఉంటాయి. కాని ఒకే అంకె ఉన్న రెండు ఉక్కుల చేవలో ఎంతో తేడా ఉండవచ్చు. చేవ తెలియాలంటే విరగ్గొట్టాలి. 1901లో ఫ్రాన్స్‌లో జార్జి షార్పీ ఈ పరీక్షకు ఒక క్రమం ఏర్పరచాడు. 10 మిల్లీమీటర్ల చదరం, 55 మిల్లీమీటర్ల పొడవు ఉన్న కడ్డీకి గంటు పెట్టి, ఊగే సమ్మెటతో కొడతారు. కడ్డీ విరిచాక సమ్మెట అవతలివైపు ఎంత ఎత్తు లేచిందో చూసి, విరగటానికి ఎంత శక్తి ఖర్చయిందో లెక్కకడతారు. చాలా మంచి పద్ధతి. కాని విరిగింది కడ్డీ, కత్తి కాదు. కత్తి ఎంత ఆగుతుందో కచ్చితంగా చెప్పగలిగేది ఆ కత్తి విరిగినప్పుడే. అప్పటికి చెప్పించుకునేందుకు కత్తి లేదు.

అమెరికాలో 1976లో ఏర్పడ్డ కత్తి కమ్మరుల సంఘం తన సభ్యత్వంలో మొదటి మెట్టుకు పెట్టిన పరీక్ష ఈ సమస్యను ముఖాముఖిగా ఎదుర్కొంటుంది. అభ్యర్థి తాను చేసిన కత్తితో వేలాడుతున్న అంగుళం మందం తాడును ఒక్క వేటుకు తెంపాలి. నాలుగంగుళాల వెడల్పున్న చెక్కను రెండుసార్లు నరికి తుంచాలి. ఆ తరవాత అదే వాదరతో చేతిమీద వెంట్రుకలు గొరగాలి. చివరకు కత్తిని పట్టులో బిగించి 90 డిగ్రీలు వంచాలి; అలుగు విరిగి ఊడిపోకూడదు. ఆ కత్తి ఇక కత్తి కాదు. అది నెగ్గాక మరో ఐదు కత్తులను పెద్దల ముందు పెడతారు. వాటిని ఎవరూ వంచరు, కంటితో చూసి తీర్పు చెబుతారు. వంగిన ఆ ఒక్క కత్తి ఈ ఐదింటికీ పూచీ అన్నమాట.

ఈ వంపు పరీక్షను స్టెయిన్‌లెస్ కత్తికి అలాగే వర్తింపజేయటం న్యాయం కాదు. అది వీపు మెత్తగా, వాదర గట్టిగా ఉండేట్టు పదును పెట్టగలిగే మామూలు ఉక్కును దృష్టిలో పెట్టుకుని పుట్టింది. క్రోమియం ఎక్కువ ఉన్న ఉక్కు గాలిలోనే గట్టిపడుతుంది; వీపూ వాదరా ఒకేలా గట్టిపడతాయి. పైగా పలచని అలుగు సులభంగా వంగుతుంది, మందమైనది విరుగుతుంది. కాబట్టి మందం తగ్గిస్తే చాలు, ఉక్కు ఎలాంటిదైనా కొంత దూరం నెగ్గుకురావచ్చు. స్టెయిన్‌లెస్ కత్తికి ఇత్తడి కడ్డీ పరీక్ష మేలు. వాదరను కడ్డీమీద ఆనించి నొక్కుతూ లాగితే సన్నగా వంగటం కనిపిస్తుంది. ఒత్తిడి తీయగానే తిరిగి నిలబడితే సరి. వాలిపోతే మెత్తన, పెచ్చులేస్తే పెళుసు. ఇందులో పోయేది మహా అయితే ఒకసారి సాన పట్టిన శ్రమ.

ఇప్పుడు చేతిపని సంగతికి వద్దాం. కార్ఖానాలో ఒక పోతనుంచి, ఒక కొలిమినుంచి వెయ్యి కత్తులు వస్తే, మూడు విరగ్గొట్టి మిగతావాటిని గురించి చెప్పవచ్చు. నమూనా అనే భావానికి ఆధారం ఆ ఏకరూపత. చేత్తో చేసేవాడు "నా కత్తులు ఏ రెండూ ఒకలా ఉండవు" అని గర్వంగా చెబుతాడు. కొనేవాళ్లు కూడా అందులో ఏదో ఆత్మ ఉన్నట్టు మురిసిపోతారు. ఆ మాట పూర్తిగా నిజమే అయితే, ఆయన వంచి చూపించిన కత్తి నేను కొన్న కత్తిని గురించి ఏమీ చెప్పదు. మంచి పనివాడి చేతిలో వాస్తవంగా జరిగేది వేరు. పిడి మారుతుంది, ఆకారం మారుతుంది. కాచే వేడీ, ఉంచే నిమిషాలూ, చల్లార్చే వేగమూ మారవు. ఆయన గొప్పతనం ఆ మార్పులేనితనంలో ఉంది. చేతిపనిని ఆరాధించే భావవాదులు ఆయన దగ్గర మెచ్చుకోవలసినదాన్ని వదిలి, మెచ్చుకోనక్కరలేనిదాన్ని మెచ్చుకుంటున్నారు. (మన సాహిత్యవిమర్శలో కూడా ఈ జాడ్యం లేకపోలేదు. కవి నిగ్రహాన్ని చూడకుండా ఆవేశాన్ని చూసి చప్పట్లు కొడతాం.)

ఇక విరగ్గొట్టే హక్కు ఎవరిది? తన కత్తిని తాను విరిచి చూసుకునే కమ్మరికి ఆ హక్కు ఉంది. నష్టం అతనిది, నేర్చుకునేదీ అతనే. తన డబ్బుతో కొని, ఇతరులు మోసపోకుండా పరీక్షించేవాడికీ ఉంది. కాని ఆ కత్తి చెయ్యని పనికి దాన్ని గురిచేసి, ఓడిందని చాటే హక్కు లేదు. కూరగాయల కత్తిని దుంగలో దిగేసి సుత్తితో బాదటం, మేకులు నరకటం, జనాన్ని పోగేసి ఇదంతా చూపటం పరీక్ష కాదు. ఎంత బలంతో కొట్టాడో లెక్క లేదు, మరొకడు అలాగే కొట్టి సరిచూసుకునే వీలు లేదు. ఒక మనిషి రెండుమూడు రోజుల శ్రమను వినోదం కింద ఖర్చుపెట్టటం అది. విరిగిన వస్తువునుంచి ఎవరికీ ఏమీ తెలియకపోతే ఆ విరగ్గొట్టటానికి సమర్థన లేదు.

ఈ నియమాన్ని కత్తి దగ్గర ఒప్పుకోవటం సులభం. మనిషి దగ్గరకు వచ్చేసరికి మనవాళ్లు దాన్ని తలకిందులు చేస్తారు. కష్టాలు మనిషికి పరీక్ష అంటారు. దెబ్బలు తింటేనే రాటుదేలతాడంటారు. ఇది కొలిమి దగ్గర పుట్టిన ఉపమానం. కొలిమి దగ్గర ఏం జరుగుతుందో తెలియనివాళ్లు వాడుతున్న ఉపమానం. దెబ్బ పరీక్షలో కడ్డీ రాటుదేలదు, విరుగుతుంది. విరగటమే దాని జవాబు. అక్కడ కడ్డీ నమూనా. దాని బదులు మరో వెయ్యి కడ్డీలు క్షేమంగా ఉంటాయి. ఏ మనిషీ మరొక మనిషికి నమూనా కాడు. సీత అగ్నిలో దూకి నెగ్గింది. ఆ తరవాత కూడా ఆమెను అడవికి పంపారు. నెగ్గినా ముగియని పరీక్ష పెట్టేవాడికి కావలసింది తెలుసుకోవటం కాదు.

కత్తుల ఊరే ఇందుకు సాక్ష్యం చెబుతుంది. 1845లో ఎంగెల్స్ ఇంగ్లండు కార్మికుల స్థితిని గురించి రాసిన పుస్తకంలో షెఫీల్డ్ సానవాళ్ల ప్రసక్తి ఉంది. డాక్టర్ నైట్ అనే వైద్యుడి సాక్ష్యాన్ని ఆధారం చేసుకుని ఆయన చెప్పిన లెక్క ఇది: పొడిరాయిమీద సానపట్టేవాళ్ల సగటు ఆయుర్దాయం ముప్పై అయిదేళ్లు ఉంటే గొప్ప, తడిరాయివాళ్లు నలభై అయిదు దాటటం అరుదు. లోహపు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరేది. ఆ దుమ్మును లాగేసే సాధనం వస్తే, కొన్నిచోట్ల సానవాళ్లే దాన్ని విరగ్గొట్టారట. పనిలో ప్రాణభయం పోతే ఎక్కువమంది వచ్చిపడి కూలి తగ్గుతుందని వాళ్ల భయం. దీన్ని మూర్ఖత్వం అనేవాళ్లు ఆ కూలి లెక్క ఒకసారి వేసుకోవాలి. ఆ కత్తులమీద ఎన్ని పరీక్షలు చేసినా, ఒక్కొక్క కత్తికి ఎంత ఊపిరి ఖర్చయిందో చెప్పే పరీక్ష వాటిలో లేదు.

మన దగ్గర పిల్లల్ని తెల్లవారకముందే లేపి అర్ధరాత్రి దాకా పుస్తకాలముందు కూర్చోబెట్టే కాలేజీలు ఇదే తర్కం చెబుతాయి. తట్టుకున్నవాళ్ల ఫొటోలూ ర్యాంకులూ పత్రికల్లో పడతాయి. తట్టుకోలేకపోయినవాళ్లు "చేవలేనివాళ్లు" అయిపోతారు. పరీక్షశాలలో అయితే విరిగిన కడ్డీని పారెయ్యరు. అంకె రాసుకుంటారు, విరిగిన చోటు భూతద్దంతో చూస్తారు, వేడి ఎక్కడ తప్పిందని తమను తాము ప్రశ్నించుకుంటారు. ఉక్కుకు ఇచ్చేపాటి మర్యాద కూడా పిల్లలకు ఇవ్వని పద్ధతిని "పరీక్ష" అనటానికి నాకు నోరు రాదు.

కత్తి కొనేవాడు చేసేవాడిని ఏం అడగవచ్చు? నా కత్తిని వంచి చూపించమని అడగలేడు. ఏ ఉక్కు, ఎంత వేడిలో కాచావు, రాక్‌వెల్ ఎంత వచ్చింది, దీనితోపాటు ఏం విరిచి చూశావు అని అడగవచ్చు. ఇది ముల్లు కోసే కత్తా, కూరగాయలు తరిగే కత్తా అని అడగవచ్చు. వాడిన పనిలోనే పెచ్చులేస్తే తీసుకుని మళ్లీ సాన పడతావా అని అడగవచ్చు. విరిచి చూసిన కత్తుల ఖర్చు నిలిచిన కత్తుల ధరలో కలిసి ఉంటుందని అతను చెబితే బేరం ఆడకూడదు. ఆ ఖర్చు పెట్టుకోనివాడి కత్తి చవగ్గా వస్తుంది. మొదటి పరీక్ష అప్పుడు మన చేతిలోనే జరుగుతుంది, ఒక్కోసారి మన వేలిమీద.

జాగ్రత్తగల పనివాళ్లు అనుసరించే ఒక పద్ధతి ఉంది. కత్తి కోసిన రేకునుంచే వేలెడు ముక్క కోసి, కత్తితోపాటే కొలిమిలో పెడతారు, కత్తితోపాటే చల్లారుస్తారు, తిరిగి వేడిచేస్తారు. తరవాత ఆ ముక్కను పట్టులో బిగించి విరుస్తారు. విరిగిన ముఖం నున్నగా, బూడిదరంగు మఖమల్లులా ఉంటే వేడి సరిగా పడిందని తెలుస్తుంది. పంచదార పలుకుల్లా మెరిస్తే వేడి మించింది, గింజ పెరిగింది. అప్పుడు పక్కనున్న కత్తి ఎంత అందంగా ఉన్నా అతను దాన్ని అమ్మడు.